ఇత్తడి చెంబు బల్ల మీద కూర్చోవట్లేదు, గాల్లో తేలుతోంది: స్టిల్ లైఫ్‌లో ముందు ఏది సరిచేయాలి?

మధురవాడ_పెన్సిల్

అందరికీ నమస్కారం. చూసింది చూసినట్టు గీయడం కోసం స్టిల్ లైఫ్, అంటే ఎదురుగా అమర్చిన వస్తువుల్ని చూసి గీయడం, సాధన చేస్తున్నాను. ఎదురుగా పెట్టినవి ఇవి: బుడితి ఇత్తడి చెంబు, రెండు నల్ల వంకాయలు, ఒక ఏటికొప్పాక లక్కబొమ్మ, కింద తెల్ల తువ్వాలు. కుడివైపు తూర్పు కిటికీ, పైన ట్యూబ్‌లైట్. ఏ3 సైజు కార్ట్రిడ్జ్ కాగితం, 150 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 150 గ్రాముల బరువు), బల్ల మీద పరిచి గీస్తున్నాను. పెన్సిళ్లు హెచ్‌బీ నుంచి 8బీ దాకా ఉన్నాయి (బీ ముందు అంకె పెరిగేకొద్దీ సీసం మెత్తన, గీత నలుపు).

మూడు దోషాలు ప్రతి బొమ్మలోనూ వస్తున్నాయి. చెంబు బల్ల మీద ఆనినట్టు ఉండదు, తేలుతుంది. ఇత్తడి కాస్తా బూడిద పూసిన మట్టిముంతలా తయారవుతోంది. వంకాయల్ని ఎంత నల్లగా చేసినా కత్తిరించి అంటించినట్టు చదునుగా ఉంటున్నాయి. షేడింగే ఇంకా సాధన చేయాలా, లోపం వేరే చోట ఉందా? పెద్దలు చెప్పగలరు.

ఉత్తరపుకిటికీ

షేడింగ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు ట్యూబ్‌లైట్ ఆర్పేయండి. మీ చెంబు తేలడానికి మొదటి కారణం అదే.

రెండు వెలుగులు ఉంటే ప్రతి వస్తువుకూ రెండు నీడలు పడతాయి. కిటికీ వెలుగుకు పడిన నీడని పైనున్న ట్యూబ్‌లైట్ సగం కడిగేస్తుంది. వస్తువు బల్లని తాకే చోట ఉండాల్సిన చిక్కటి నలుపు పలచబడిపోతుంది. ఆ నలుపు లేకపోతే చూసేవాళ్ల కంటికి వస్తువు ఆనిందన్న ఆధారమే ఉండదు. మీరు కనిపించినట్టే గీసి ఉంటారు. కనిపించిందే తేలుతోంది.

ఇక తూర్పు కిటికీ సంగతి. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. ఉదయం 8కి మొదలుపెట్టిన నీడ 9కి అక్కడ ఉండదు. రెండు గంటల బొమ్మకి తూర్పు కిటికీ పనికిరాదు, దానికి పల్చటి తెల్లబట్ట అడ్డం కడితే కొంత నయం.

పుస్తకాల్లో ఉత్తరపు కిటికీ వెలుగు రోజంతా మారదని ఉంటుంది. అది చల్లటి దేశాల మాట. మన విశాఖ దాదాపు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, అంటే కర్కట రేఖకి దక్షిణాన. మే 10 ప్రాంతం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మనకి మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరం వైపే ఉంటాడు. పైగా మార్చి ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా ఈశాన్యం వైపు ఉదయించి వాయవ్యం వైపు అస్తమిస్తాడు కాబట్టి పొద్దున్నే, సాయంత్రం వేళ ఉత్తరపు కిటికీలోంచి నేరుగా ఎండ దూరుతుంది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మాత్రం ఉత్తరపు కిటికీ అంత మంచి వెలుగు ఇంకోటి లేదు. మిగతా నెలల్లో దీపమే నమ్మకం.

బొగ్గుముక్క

దీపం ఎలా పెట్టాలో చెబుతాను. కిటికీ మూసేసి, 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఒక్కటి చాలు. పసుపు రంగుదైనా, తెల్లదైనా ఒకటే వాడండి, రెండూ కలపొద్దు. వస్తువులకి ఎడమవైపు, కాస్త ముందుగా, 45 డిగ్రీల ఎత్తులో ఉండాలి. కుడిచేత్తో గీసేవారికి ఎడమ వెలుగే వీలు, ఎందుకంటే చెయ్యి నీడ కాగితం మీద పడదు.

దూరం చాలా ముఖ్యం. వెలుగు దూరం వర్గానికి విలోమంగా తగ్గిపోతుంది, అంటే దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతే. దీపం 30 సెంటీమీటర్ల దగ్గర పెడితే, మొదటి వస్తువుకి ఇంకో 30 సెంటీమీటర్ల అవతల ఉన్న వస్తువుకి నాలుగో వంతు వెలుగే అందుతుంది. అదే 120 సెంటీమీటర్ల దూరంలో పెడితే, 150 దగ్గర ఉన్నదానికి కూడా సుమారు 64 శాతం వెలుగు దక్కుతుంది. వరసలో పెట్టిన వస్తువులు ఒకే గదిలో ఉన్నట్టు కనిపించాలంటే దీపాన్ని దూరం జరపాలి.

వస్తువుల వెనకా, దీపానికి ఎదురు పక్కనా అట్టపెట్టె గోడలు పెట్టండి. 50, 60 సెంటీమీటర్ల పెట్టె కిరాణా కొట్లో దొరుకుతుంది. పైమూత, ముందువైపు, దీపం వైపు కోసేసి, లోపల బూడిదరంగు చార్ట్ అంటించండి. మన ఇళ్లలో గోడలకి లేత రంగులు కదా, ఆ గోడల నుంచి తిరిగి వచ్చే వెలుగు నీడల్ని నింపేస్తుంది. పెట్టె దాన్ని ఆపుతుంది.

తువ్వాలు తీసేయండి. దాని నూలు పోగులు నీడ అంచుని మింగేస్తాయి. ఉతికి ఇస్త్రీ చేసిన పాత పంచె ముక్క పరచండి. ఫ్యాను గాలికీ, మధ్యాహ్నం సముద్రం మీంచి వచ్చే గాలికీ మడతలు కదిలిపోతాయి. నాలుగు మూలలా గుండుపిన్నులు గుచ్చండి.

సీతమ్మధార_స్కెచ్

వెలుగు గురించి చెప్పేశారు. నాకు భయం వేసిన మాట వేరే ఉంది: కాగితం బల్ల మీద పరిచి గీస్తున్నానన్నారు.

కాగితం పడుకుని ఉంటే దాని పైఅంచు మీ కంటికి దూరం, కిందిఅంచు దగ్గర. కంటికి కాగితం నిలువునా కుదించి కనిపిస్తుంది. అలా కుదించి కనిపించే కాగితం మీద చెంబుని సరిగ్గా ఉన్నట్టు గీశారంటే నిజానికి నిలువునా సాగదీసి గీశారన్నమాట. తర్వాత గోడకి నిలబెట్టి చూస్తే చెంబు కాస్తా కూజా అవుతుంది. బోర్డుని మీ చూపుకి అడ్డంగా నిలబెట్టాలి. బోర్డు నిలబెట్టే ఈజిల్ లేకపోతే ఒళ్లో ఒక అంచు, కుర్చీ వీపు మీద ఇంకో అంచు ఆనించినా సరిపోతుంది.

కూర్చునే దూరం: పెట్టిన వస్తువుల మొత్తం ఎత్తుకి కనీసం మూడు రెట్లు. 40 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే 120 సెంటీమీటర్లు. అంతకన్నా దగ్గరైతే పైది చూడటానికి తల ఎత్తాలి, కిందది చూడటానికి దించాలి, ఒక్క బొమ్మలో రెండు చూపులు కలిసిపోతాయి. కుర్చీ కాళ్ల చుట్టూ నేల మీద సుద్దతో గుర్తు పెట్టుకోండి.

కొలత ఇలా తీయాలి. సైకిల్ చువ్వ గానీ, సన్నని అల్లికసూది గానీ తీసుకుని, చెయ్యి పూర్తిగా చాచి, మోచెయ్యి బిగించి, ఒక కన్ను మూయండి. మోచెయ్యి ఏ కాస్త వంగినా కొలత పనికిరాదు. ముందు మొత్తం గుంపు వెడల్పు ఎంత, ఎత్తు ఎంత, ఆ నిష్పత్తి ఒక్కటే తీయండి. కాగితం మీద ఆ పెట్టె గీయండి. తర్వాత చెంబు పొట్ట వెడల్పుని కొలతగా పెట్టుకుని, చెంబు ఎత్తులో అది ఎన్నిసార్లు పడుతుందో, మూతి వెడల్పు ఎంత భాగమో చూడండి. దారానికి ఒక నట్టు కట్టి వేలాడదీస్తే లంబసూత్రం తయారు. బొమ్మ తల అంచుకి సరిగ్గా కింద వంకాయ ఏ చోటు వస్తోంది, చెంబు మూతి కుడిఅంచుకి కింద ఏముంది, ఇలా నిలువు వరసలు సరిచూసుకోండి. వస్తువుల మధ్య ఖాళీ చోటుని కూడా ఒక వస్తువులాగే గీయండి. వంకాయకీ చెంబుకీ మధ్య ఉన్న త్రికోణం తప్పిందంటే రెండింట్లో ఒకటి తప్పినట్టే.

మొదటి 20 నిమిషాల్లో నీడ వేయకండి. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. తప్పు గీత మీద ఎంత అందమైన షేడింగ్ చేసినా తప్పు ఇంకా బాగా కనిపిస్తుంది.

ఇరుసుగీత

చెంబు తేలడానికి ఇంకో కారణం ఉంది, ఎవరూ ఇంకా చెప్పలేదు. అడుగు గీత. చాలామంది మూతిని నొక్కిన వృత్తంలా, అంటే ఎలిప్స్‌గా గీసి, అడుగుని మాత్రం సరళరేఖ చేసేస్తారు. బల్ల చదును కదా, అడుగు కూడా చదునే కదా అని బుద్ధి చెబుతుంది. కన్ను అలా చెప్పదు.

లెక్క వేసి చూపిస్తాను. మీ కన్ను చెంబు మూతి కన్నా 30 సెంటీమీటర్ల ఎత్తులో, 120 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. మూతి ఎలిప్స్ ఎత్తు దాని వెడల్పులో నాలుగో వంతు కన్నా కొంచెం తక్కువ ఉంటుంది. చెంబు 15 సెంటీమీటర్ల పొడవుంటే, అడుగు కంటికి 45 సెంటీమీటర్ల కింద ఉంటుంది. అక్కడ ఎలిప్స్ ఎత్తు వెడల్పులో మూడో వంతు దాటుతుంది. కాగితం మీద మూతి 8 సెంటీమీటర్ల వెడల్పు గీస్తే దాని ఎత్తు సుమారు 2. అడుగు 6 సెంటీమీటర్ల వెడల్పే ఉన్నా ఎత్తు 2.1 వస్తుంది. అంటే అడుగు సన్నగా ఉన్నా మూతికన్నా ఎక్కువ గుండ్రంగా విచ్చుకుని ఉండాలి. కంటికి కిందికి పోయేకొద్దీ ఎలిప్స్ విచ్చుకుంటుంది, కంటి మట్టానికి వస్తే గీతైపోతుంది.

గీసే పద్ధతి: ముందు చెంబు నడిమధ్యన నిలువుగా ఇరుసు గీత, దానికి అడ్డంగా, సరిగ్గా లంబంగా, ప్రతి ఎలిప్స్‌కీ ఒక పొడవు గీత. మూతి, మెడ, పొట్ట, అడుగు, అన్నీ ఒకే ఇరుసు మీద. భుజం కదిపి, పెన్సిల్ ఆనకుండా గాల్లో నాలుగైదుసార్లు తిప్పి, అదే ఊపులో కాగితం మీద దించండి. కనిపించని వెనక సగాన్ని కూడా గీయండి, తర్వాత చెరుపుకోవచ్చు. రెండు కొసలూ నిమ్మకాయ కొసల్లా మొనదేలకూడదు. అక్కడ కూడా గీత గుండ్రంగా తిరిగే వెళుతుంది, ఎంత చిన్న మలుపైనా సరే.

సరిచూసుకోవడానికి బొమ్మని తలకిందులు చేసి, అద్దంలో చూడండి. ఇరుసు ఏ పక్కకి ఒరిగిందో వెంటనే బయటపడుతుంది. ఎక్కువమందికి తాము రాసే చేతివైపు ఒరుగుతుంది.

మధురవాడ_పెన్సిల్

ఇరుసుగీత గారూ, పాత బొమ్మలు తీసి చూస్తే అన్నింట్లోనూ అడుగు సరళరేఖే! ధన్యవాదాలు. ఒక సందేహం. పొద్దున్న పెట్టిన వస్తువులు సాయంత్రానికి ఇంట్లో కదిలించేస్తారు. ఫోన్లో ఫోటో తీసుకుని దాన్ని చూసి గీస్తే తప్పేంటి?

గాజువాక_గీతలు

తప్పేమీ లేదని నా అభిప్రాయం. మొదట్లో ఫోటో మీద చౌకడీలు గీసి కాపీ చేస్తే చేతికి పట్టు వస్తుంది. ఒక వెలుగు, కదలని నీడ, కంగారు లేదు. కష్టమైనవన్నీ ఒకేసారి నెత్తిన వేస్తే కొత్తవాళ్లు మానేస్తారు.

ఉత్తరపుకిటికీ

గాజువాక గారూ, చేతికి పట్టు విషయంలో మీరన్నది నిజమే. కంటికి పట్టు మాత్రం రాదు. మూడు కారణాలు.

ఫోన్ మామూలు లెన్స్ విశాలంగా చూసేది. ఒక అర మీటరు దగ్గరికి వెళ్లి తీస్తే ముందున్న వంకాయ ఉబ్బిపోతుంది, వెనకున్న బొమ్మ చిక్కిపోతుంది. రెండోది, ఫోన్ నీడలన్నింటినీ ఒకటే నలుపు చేస్తుంది, లేదా తనంతట తనే నీడల్ని లేపి మొత్తం చప్పగా చేస్తుంది. నీడలో ఉన్న తేడాలు మీ కంటికి కనిపిస్తాయి, ఫోటోలో ఉండవు. మూడోది ఇత్తడికీ లక్కకీ సంబంధించింది: తల రెండు సెంటీమీటర్లు జరిపితే మెరుపు జరుగుతుంది, నీడ జరగదు. ఏది వస్తువుదో, ఏది వెలుగు ప్రతిబింబమో తెలుసుకునే దారి అదొక్కటే. ఫోటోలో తల జరపడం కుదరదు.

తప్పదంటే ఫోటోని కొలతలు సరిచూసుకోవడానికి మాత్రం వాడండి: దూరంగా నిలబడి, రెండు రెట్లు జూమ్ పెట్టి, కూర్చునే కుర్చీలో కన్ను ఉండే ఎత్తు నుంచే తీయండి. ఇంట్లో కదిలిస్తారనుకుంటే అట్టముక్క మీద అమర్చి, ప్రతి వస్తువు అడుగు చుట్టూ పెన్సిల్ గీత గీసుకోండి. అట్టతో సహా అటక మీద పెట్టుకోవచ్చు.

గాజువాక_గీతలు

లెన్స్ మాట ఒప్పుకుంటాను. అయినా కూరగాయలూ పళ్లూ నిలవవు కదా. ఒక బొమ్మకి నాలుగు రోజులు పట్టేవాళ్లు ఏం చేయాలి?

సీతమ్మధార_స్కెచ్

నిలిచేవి పెట్టుకోవాలి. శంఖం, ఎండు కొబ్బరికాయ, మట్టిముంత, లాంతరు, ఇనుప తాళం. బీచ్‌రోడ్డులో దొరికే పెద్ద శంఖం ఒక్కటి చాలు ఏడాది సాధనకి. కోసిన నిమ్మచెక్క అరగంటలో మెరుపు పోగొట్టుకుంటుంది, అది 30 నిమిషాల స్కెచ్‌కే. అరటిపండు మన ఉక్కకి రెండో రోజుకే మచ్చలు తేలుతుంది. వంకాయ మెరుపు మొదటి రోజే బాగుంటుంది, తర్వాత తొక్క వడలి మెరుపు చెదిరిపోతుంది. రైతుబజారు నుంచి తెచ్చిన రోజే వంకాయ పూర్తిచేయండి, చెంబుకి మిగతా రోజులు.

బొగ్గుముక్క

ఇప్పుడు వెలుగునీడలు. కాగితం మీద ఏదైనా వేసే ముందు తెలుపు నుంచి నలుపు దాకా స్థాయిలు చూపే ఒక పట్టీ తయారు చేసుకోండి. 2 సెంటీమీటర్ల గళ్లు తొమ్మిది. 1వ గడి ఖాళీ కాగితం, 9వది 6బీతో వచ్చేంత నలుపు. ముందు ఈ రెండూ, తర్వాత నడుమ 5, ఆ తర్వాత 3, 7, చివరికి మిగతావి. వరసగా 1 నుంచి 9 దాకా వేసుకుంటూ పోతే 6 దగ్గరే నలుపు అయిపోతుంది, ఎప్పుడూ ఇదే జరుగుతుంది. ప్రతి గడిలో పంచింగ్ మిషనుతో ఒక రంధ్రం చేయండి. ఒక కన్ను మూసి ఆ రంధ్రంలోంచి వస్తువుని చూస్తే ఏ గడిలో కలిసిపోతుందో అదే దాని స్థాయి. పట్టీ మీద పడే వెలుగు, మీ కాగితం మీద పడే వెలుగు ఒకటే అయ్యేలా చూసుకోండి.

తర్వాత కళ్లు సగం మూసి చూడండి. వివరాలు కరిగిపోయి రెండే ముక్కలు మిగలాలి: వెలుగు పడ్డది, పడనిది. ఆ సరిహద్దుని గీతగా గీసి, నీడ మొత్తాన్ని ఒకే పల్చటి పొరగా నింపేయండి, వస్తువు మీది నీడా బల్ల మీది నీడా కలిపి. ఈ దశలోనే దూరం నుంచి చూస్తే వస్తువు బల్ల మీద కూర్చోవాలి. కూర్చోకపోతే ఆగండి, ముందుకి వెళ్లొద్దు.

నీడలో గుర్తుంచుకోవాల్సింది: వెలుగు ఆగి నీడ మొదలయ్యే మలుపు దగ్గర నలుపు చిక్కగా ఉంటుంది, అంచు వైపు పోయేకొద్దీ బట్ట మీంచి తిరిగి వచ్చిన వెలుగు వల్ల కాస్త తేలిక పడుతుంది. ఆ తిరుగు వెలుగు చూడ్డానికి ముద్దొస్తుంది, అందుకని అందరూ దాన్ని తెల్లగా చేసేస్తారు. నీడలో ఉన్న అతి తేలిక చోటు కూడా వెలుగులో ఉన్న అతి ముదురు చోటు కన్నా నల్లగానే ఉండాలి.

ఇరుసుగీత

ఆ చివరి వాక్యానికి ఒక షరతు పెట్టాలి, లేకపోతే అడిగినవారు తికమక పడతారు. అది ఒకే రంగు వస్తువు లోపల మాత్రమే నిజం. వంకాయ వెలుగు వైపు కూడా తెల్ల పంచె నీడ వైపు కన్నా నల్లగా ఉంటుంది. వంకాయ మొత్తం 7కీ 9కీ మధ్య, పంచె మొత్తం 2కీ 5కీ మధ్య. వస్తువు సొంత రంగు స్థాయి ముందు, నీడ తర్వాత.

బొగ్గుముక్క

సరిగ్గా చెప్పారు, నేను రాయాల్సింది. వంకాయ చదునుగా రావడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. నల్లటి నున్నటి తొక్క మీద వెలుగు వైపుకీ నీడ వైపుకీ తేడా చాలా తక్కువ. 4బీతో గుండ్రదనం తెద్దామని వెలుగు వైపు 4 దాకా తేలిక చేస్తే అది వంకాయ కాదు, బూడిద గుమ్మడి. దాని గుండ్రదనం రెండే చెబుతాయి: దీపం మెరుపు, అంచున పంచె నుంచి తిరిగివచ్చే తేలిక పట్టీ. మెరుపు ఆకారం ముందే గీసి కాగితాన్ని ఖాళీగా వదలండి. దాని అంచు ఒక వైపు కత్తితో కోసినట్టు, ఇంకో వైపు మెత్తగా ఉంటుంది, దాన్ని చూసి వేయండి. తొడిమ మెరవదు. గరుకుగా, 2బీతో అడ్డదిడ్డంగా వేస్తే దాని పక్కన తొక్క ఇంకా నున్నగా కనిపిస్తుంది.

వంకాయ బల్లకి తాకే చోట సన్నని గీతలాంటి నలుపు ఉంటుంది, వెలుగు అసలు దూరలేని సందు. బొమ్మ మొత్తంలో అతి నలుపు అక్కడే. అక్కడి నుంచి నీడ దూరం పోయేకొద్దీ అంచు మెత్తబడి, తేలికవుతుంది. నీడ అంతా ఒకే నలుపు, ఒకే పదును ఉంటే అది నీడలా ఉండదు, బట్ట మీద మరకలా ఉంటుంది.

లక్కబొమ్మ

ఇత్తడి, లక్క ఈ రెండూ నాకు ఇష్టమైన సంగతులు, కాస్త పొడుగ్గా రాస్తాను.

ఇత్తడికి సొంతంగా ఒక ముఖం లేదు, గదిని చూపిస్తుంది. మట్టిముంత మీద వేసినట్టు వెలుగు నుంచి నీడకి మెల్లగా జారుతూ షేడింగ్ వేస్తే మట్టిముంతే వస్తుంది. మీకు జరిగింది అదే. చెంబు పొట్ట మీద కనిపించే ప్రతి మచ్చనీ ఒక జిల్లా సరిహద్దులా గీతతో గీయండి: ఇక్కడ దీపం, ఇక్కడ పంచె, ఇక్కడ అట్టగోడ, ఇక్కడ నల్లగా నిలువునా ఉన్నది గీస్తున్న మనిషి. పొట్ట నడుమ మచ్చలు వెడల్పుగా ఉంటాయి, అంచుకి పోయేకొద్దీ నొక్కుకుపోయి, అంచు వంపుతో పాటే వంగి పరుగెడతాయి. మెడ దగ్గర లోపలికి వంగిన చోట ప్రతిబింబం తలకిందులవుతుంది. పొట్ట మీద కింద కనిపించిన బట్ట, మెడలో పైన కనిపిస్తుంది. అది చూసి తప్పనుకుని సరిచేయకండి.

వేసే వరస: 6బీతో అతి నల్లటి మచ్చలు ముందు. తర్వాత మధ్యస్థాయి 2బీతో. మెరుపులు కాగితమే, ఏమీ వేయరు. ఎరేజర్‌తో తీసిన మెరుపు బూడిదరంగులో ఉంటుంది, వదిలేసిన మెరుపులా వెలగదు. ఇంకో మాట, నిజమైన దీపం మెరుపు మన కాగితం తెలుపు కన్నా ఎన్నో రెట్లు ప్రకాశం. దాన్ని కాగితం మీద గెలవలేం. అందుకని మిగతా అంతటినీ కాస్త కిందికి దించుతాం. వెలుగులో ఉన్న ఇత్తడి కూడా 3 లేదా 4 స్థాయిలో ఉండాలి. 1వ గడి మెరుపుకి ఒక్కదానికే. మెరుపు పక్కనే నలుపు పడితే లోహం అనిపిస్తుంది.

చెంబుని చింతపండుతో తోమాలనుకుంటే బొమ్మ మొదలుపెట్టక ముందే తోమండి, మధ్యలో వద్దు. సముద్రపు గాలికి మన ఊళ్లో ఇత్తడి తొందరగా మసకబారుతుంది. కొత్తవారికి ఆ మసకే మేలు. ప్రతిబింబాలు మెత్తగా, తక్కువగా ఉంటాయి. తళతళలాడే చెంబు ఐదో బొమ్మకి ఉంచుకోండి.

ఇక ఏటికొప్పాక బొమ్మ. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రని తరిణె మీద తిప్పి చేసే పని అది, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గీసేవారికి ఆ పనితనంలో పనికొచ్చే విషయం ఒకటుంది: తరిణె మీద తిరిగిన ప్రతి భాగమూ ఒకే ఇరుసు చుట్టూ ఉంటుంది. తల, మెడ, నడుము, అంచు పట్టీలు అన్నీ ఇరుసుగీత గారు చెప్పిన ఎలిప్స్‌లే. ఒక పక్క గీసి, ఇరుసు నుంచి దూరాలు కాగితం ముక్క మీద గుర్తుపెట్టి రెండో పక్కకి తిప్పి సరిచూసుకోవచ్చు. రంగు పట్టీలు సరళరేఖలుగా గీస్తే బొమ్మ అట్టబొమ్మ అవుతుంది. కంటికి కిందున్న పట్టీలు కిందికి వంగాలి.

లక్క మెరుపు ఇత్తడి మెరుపు కాదు. లక్క కింద రంగు ఉంటుంది, ఆ రంగు మామూలు వస్తువులాగే వెలుగు నుంచి నీడకి జారుతుంది. దాని మీద గాజుపొరలా చిన్న మెరుపు. అందుకే ముందు మట్టి వస్తువులా షేడింగ్ పూర్తి చేసి, మెరుపు చుక్కలు మాత్రం వదలాలి. ఒక్కో ఉబ్బు మీద ఒక్కో మెరుపు, అన్నీ దీపం వైపు ఇంచుమించు ఒకే వరసలో పడతాయి. ఎరుపు, పసుపు పట్టీలు పక్కపక్కన ఉంటే కళ్లు సగం మూసి ఏది ముదురో చూడండి. రంగు గాఢంగా ఉన్నది నల్లగా ఉంటుందని అనుకోవద్దు. పసుపు ఎంత గాఢమైనా తేలికే.

మధురవాడ_పెన్సిల్

ఇంత ఓపికగా చెప్పినందుకు అందరికీ నమస్కారాలు. రెండు ఇబ్బందులు మిగిలాయి. నలుపు కోసం 8బీ రుద్దితే కాగితం తళతళ మెరుస్తోంది, పక్క నుంచి చూస్తే నలుపే కనిపించదు. ఇంకోటి, చెయ్యి ఆనిన చోట మరకలు. కాగితం చుట్టి చేసిన రుద్దుడుపుల్ల, అదే స్టంప్‌తో రుద్దితే మరింత మురికి.

సీతమ్మధార_స్కెచ్

మెరుపు గ్రాఫైట్ (పెన్సిల్ సీసం) గుణం, మీ తప్పు కాదు. గట్టిగా రుద్దేకొద్దీ దాని రేకులు చదునుగా పరుచుకుని అద్దంలా అవుతాయి. 8బీ మానేసి 4బీతో నాలుగు పల్చటి పొరలు వేయండి. గీతల దిక్కు ప్రతి పొరకీ మార్చాలి. పెన్సిల్‌ని బ్లేడుతో చెక్కి సీసం 2 సెంటీమీటర్లు బయటికి తీసి, గరుకు కాగితం మీద సూదిలా చేసుకుంటే కాగితం గుంటల్లోకి కూడా వెళుతుంది, నొక్కాల్సిన పని ఉండదు.

బొగ్గుముక్క

నేనైతే నలుపుకి చార్కోల్ (బొగ్గు) పెన్సిలే అంటాను. మెరవదు, 9వ గడి నిజంగా నల్లగా వస్తుంది. అయితే గ్రాఫైట్ మీద చార్కోల్ పట్టదు, జారిపోతుంది. ఎక్కడ నలుపు కావాలో అక్కడ ముందే చార్కోల్ వేసి, దాని చుట్టూ గ్రాఫైట్ వేయాలి.

సీతమ్మధార_స్కెచ్

ఒకే బొమ్మలో రెండూ కలపడం నేను ఒప్పుకోను. ఒకటి మెరుస్తుంది, ఒకటి మెరవదు. పక్క నుంచి చూస్తే అతుకు తెలుస్తుంది. సాధనకైతే గ్రాఫైట్ నలుపు ఎంత వస్తే అంతే అని ఒప్పుకుని, మిగతా స్థాయిలన్నీ దానికి తగ్గట్టు పైకి జరపడం నేర్చుకోవాలి. లేదా మొత్తం చార్కోల్‌లో చేయండి.

లక్కబొమ్మ

మరకల విషయంలో సగం తప్పు మన వాతావరణానిది. వర్షాకాలంలో కాగితం తేమ పీల్చి మెత్తబడుతుంది. మెత్తబడ్డ కాగితం మీద 2హెచ్ లాంటి గట్టి పెన్సిల్‌తో మొదటి గీతలు గీస్తే గాడి పడుతుంది. తర్వాత 4బీ వేసినప్పుడు ఆ గాడి తెల్లగా తేలుతుంది, ఏం చేసినా పోదు. ఆ నెలల్లో మొదటి గీతలకి హెచ్‌బీనే, ఆనీ ఆననట్టు. కాగితాల పుస్తకాన్ని జిప్ కవర్లో తేమ పీల్చే రెండు సిలికాజెల్ పొట్లాలతో దాచండి, గీసేముందు అరగంట ఫ్యాను కింద పెట్టండి.

అరచేతి చెమట తగిలిన చోట గ్రాఫైట్ మచ్చలు మచ్చలుగా నల్లగా పట్టుకుంటుంది, ఎరేజర్‌కి రాదు. చెయ్యి కింద బటర్ పేపర్ ముక్క పెట్టుకోండి, జరపకుండా ఎత్తి పెట్టాలి. వార్తాపత్రిక వద్దు, సిరా అంటుతుంది. వేలితో రుద్దడం అసలే వద్దు. స్టంప్ వాడితే తేలిక చోట్లకి ఒకటి, ముదురు చోట్లకి ఒకటి విడిగా ఉంచండి. ఒకసారి స్టంప్‌తో నొక్కిన కాగితం గరుకు పోతుంది, దాని మీద తర్వాత పొర పట్టదు. అందుకే అది చివరి పని. అది కూడా నీడల్లో, పంచె మడతల్లో మాత్రమే. ఇత్తడి మచ్చల అంచుల మీద స్టంప్ పెట్టారంటే లోహం పోయినట్టే.

గాజువాక_గీతలు

బొమ్మ చెరగకుండా పైన చల్లే ఫిక్సేటివ్ గురించి కూడా చెప్పేయండి. హెయిర్ స్ప్రే చాలంటారు చాలామంది.

లక్కబొమ్మ

హెయిర్ స్ప్రే కాలక్రమంలో పసుపెక్కుతుంది, వాడకండి. ఫిక్సేటివ్ డబ్బా 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, కాగితం అంచు బయట మొదలుపెట్టి, అవతలి అంచు దాటాక ఆపాలి. మధ్యలో ఆపితే అక్కడ చుక్క పడుతుంది. పల్చగా రెండు మూడు సార్లు, ఒక్కోదానికి పది నిమిషాల విరామం. వానరోజు, సముద్రపు గాలి జోరుగా ఉన్న వేళ వద్దు. తేమలో ఆరడం ఆలస్యమై జిగురుగా ఉంటుంది, దుమ్ము పట్టుకుంటుంది. గాలి ఆడే చోట, పొయ్యికి దూరంగా, ముక్కుకి గుడ్డ కట్టుకుని చేయండి. స్ప్రే తర్వాత తేలిక స్థాయిలు ఒక అర గడి ముదురుతాయి, ముఖ్యంగా చార్కోల్‌లో. ముందు చిత్తు ముక్క మీద చూసుకోండి. ఫ్రేము కట్టిస్తే గాజుకీ బొమ్మకీ మధ్య మౌంట్ (అట్ట చట్రం) ఉండాలి. లేకపోతే మన ఊరి తేమకి బొమ్మ గాజుకి అంటుకుని లేచివస్తుంది.

మధురవాడ_పెన్సిల్

దీపం ఒకటి, అట్టపెట్టె, నిలబెట్టిన బోర్డు, మసక చెంబు ఒక్కటే పెట్టి గీశాను. నీడ ఒకే పొరగా వేసిన దశలోనే చెంబు కూర్చుంది. తాకే చోట నలుపు పెట్టాక ఇక తేలలేదు. మూతి మాత్రం కుడివైపు కొస ఇంకా మొనదేలుతోంది, ఎడమవైపు బాగానే వస్తోంది. ఇత్తడి మచ్చలు గీసేలోపే జరిగిపోతున్నాయి.

ఇరుసుగీత

కుడికొస దగ్గర మీ మణికట్టు ఆగి దిక్కు మార్చుకుంటోంది, అందుకే అక్కడ మొన. కాగితాన్ని 90 డిగ్రీలు తిప్పి ఆ కొసని విడిగా గీయండి. చిన్న గిన్నె అంచు చూస్తూ, 8 సెంటీమీటర్ల వెడల్పు, 2 ఎత్తుతో పెట్టెలు గీసి వాటిలో రోజుకి ఇరవై ఎలిప్స్‌లు వేయండి, పెట్టె నాలుగు పక్కలకీ నడుమన తాకాలి.

ఉత్తరపుకిటికీ

మచ్చలు జరగవు, మీ తల జరుగుతోంది. కుర్చీకి సుద్ద గుర్తు ఉన్నా నడుము వాలిపోతే కన్ను కిందికి దిగుతుంది. చెంబు మూతి వెనక అట్టగోడ మీద ఒక చిన్న గుర్తు పెట్టండి, మూతి అంచు సరిగ్గా ఆ గుర్తుని తాకుతున్నట్టు కనిపించినప్పుడే, అదే కన్ను తెరిచి, గీత గీయండి. కాగితం వెనక దీపం దూరం, కుర్చీ దూరం, కంటి ఎత్తు రాసి పెట్టుకుంటే రేపు మళ్లీ అక్కడే కూర్చోవచ్చు.